రాకాసి మొహం నా దిక్కు

"రాకాసి మొహం నా దిక్కే ఉండాలె. వీపు మీ దిక్కుండాలె. నేను చెప్పేదాక ఎవ్వలు చెయ్యెత్తొద్దు," అన్నాడు లస్మయ్య, జనరేటర్ గదిలో డీజిల్ డబ్బా మీద కూర్చుని, ఫోన్‌ను కళ్లజోడుకు తగిలేంత దగ్గరగా పట్టుకుని.

యాభై దాటిన మనిషి. నెరిసిన మీసం, ముందుకు వచ్చిన పొట్ట, ఎప్పుడో విరిగి కొంచెం పక్కకు అతుక్కున్న ముక్కు. బొటనవేళ్లు మొరటువి. పగిలిన గాజు మీద అవి ఒకచోట నొక్కబోయి మరోచోట నొక్కేవి. ఫోన్‌లో మాత్రం ఆయన తలుపంత డాలు పట్టిన ఇనుప మనిషి. పేరు గోడ.

ఆట పేరు రాకాసి కోట. అయిదుగురు దండు కట్టి ఒక్కో రాకాసిని కూల్చాలి. రాకాసికి ఎవరి మీద ఎక్కువ కోపం వస్తే వాళ్ల మీదే పడుతుంది. ఆ కోపాన్నంతా తన మీదికి లాక్కుని, కదలకుండా నిలబడి తన్నులు తినేవాణ్ని ట్యాంక్ అంటారు. అతను తింటుంటే వెనకున్నవాళ్లు తీరిగ్గా కొడుతుంటారు. తరిగిపోయే అతని రక్తాన్ని మంత్రాలతో నింపేవాళ్లు హీలర్లు. పేరంతా కొట్టేవాళ్లకే వస్తుంది. అయినా లస్మయ్యకు ఇంకో వేషం కట్టాలని ఎన్నడూ అనిపించలేదు.

దండులో ఇంకొకడు, జనగామలో ఫోన్లు బాగుచేసే ప్రణయ్, చెబితే వినే రకం కాదు. ముందే బాణం వేశాడు. రాకాసి గిర్రున అతని మీదికి తిరిగింది.

"నీ తొందర తగలెయ్య!" అని లస్మయ్య మీట నొక్కాడు. ఇనుప మనిషి కత్తితో డాలు మీద ధనధనా బాది రాకాసిని ఏదో తిట్టాడు. అది ఎగిరెగిరి పడుతూ మళ్లీ ఇటు తిరిగింది. "ఆఁ, గట్ల రా. సంధ్యా, రక్తం!"

"ఏస్తున్ననే అన్నా! జడ అల్లుతున్నరు, తల గుంజుతున్నరు. ఒక్క చేతితోని ఆడుతున్న," అంది చెవిలో సంధ్య గొంతు.

మానుకోట దండుకు సంధ్య హీలర్. ఆ రోజు పెళ్లికూతురు కూడా. లస్మయ్య నెత్తి మీది గదిలోనే, పట్టుచీరలో, కురవి నుంచి వచ్చిన మేనత్తల మధ్య కూర్చుని, ఫోన్‌ను కొంగు కింద పెట్టుకుని ఆడుతోంది. తను కొలువు చేసే ఈ ఫంక్షన్ హాలు, కట్టమ్మ గార్డెన్స్‌లో పెళ్లి పెట్టుకొమ్మని చెప్పింది లస్మయ్యే. మాట్లాడుకోవడానికి వచ్చిన రోజున ఆయన మీసం చూసి, "నువ్వేనా గోడన్నవు!" అని ఆమె నోరు తెరిచేసింది. అయినా అన్న అన్న పిలుపు మార్చలేదు. ఆయన మాత్రం బిడ్డా అనేవాడు. ఆ వరస ఎట్లా కుదిరిందో ఎవరూ అడగలేదు.

రాకాసి కూలింది.

"ఇగ ఇదే ఆఖరి ఆట అన్నా. మొగుళ్లపల్లిల అత్తగారింట్ల ఎట్లుంటదో ఏమో," అంది సంధ్య. తర్వాత గొంతు తగ్గించింది. "ఒక్కటి చెప్పాలె. మా అత్తగారి దిక్కు పెద్దమామ ఉన్నడు గదా, సమ్మయ్య పటేల్. కూర ముక్కల కాడ కొట్లాట పెట్టుకుని ఇంతకుముందు వాళ్ల ఇంట్లనే ఒక పెండ్లి ఆగబట్టిండట. మా నాయిన సంగతి నీకెరుకే. ఎవలన్న గట్టిగ మాట్లాడితె వణికిపోతడు. ఇయ్యాల ఆయన మీదికి ఎవ్వల్ని రానియ్యకే."

"నేనున్న గద బిడ్డా," అన్నాడు లస్మయ్య. లేచి, మేకుకు వేలాడుతున్న ఎర్రకోటు తొడుక్కున్నాడు.

ఆ కోటు గురించి చెప్పాలి. మానుకోటలో పెళ్లి అంటే కొట్లాట లేకుండా ఉండదు. కూలర్ మా దిక్కు పెట్టలేదని ఒకరు, ఐస్‌క్రీం కరిగిందని ఒకరు, మాంసం కూరలో మూలుగ ఉన్న ఎముక, అదే మూలుగ బొక్క, పడలేదని అందరూ. ఆ కోపం పిల్లతండ్రి మీదికి పోతే పెళ్లి చెడుతుంది. అందుకని గార్డెన్ యజమానురాలు కట్టమ్మ లస్మయ్యను సూపర్‌వైజర్ అని పేరు పెట్టి, గేటు నుంచి చూసినా కనబడే ఎర్రకోటు కుట్టించింది. కోపం వచ్చినవాడి కళ్లు ముందు దాని మీదే పడతాయి. తిట్లు ముదిరాక కట్టమ్మ వచ్చి, "ఇయ్యాల్టితోని నీ కొలువు ఊడింది, నడువ్!" అని అందరి ముందర గర్జిస్తుంది. లస్మయ్య తలొంచుకుని కోటు విప్పి ముందు గేటు నుంచి వెళ్లిపోతాడు. చుట్టాలకు కడుపు చల్లబడుతుంది. ఆయన గోడ చుట్టూ తిరిగి వెనక గేటు నుంచి జనరేటర్ గదికి వస్తాడు. వంటమేస్త్రీ దేవ్యా పొద్దున్నే దాచిపెట్టిన మూలుగ బొక్క వేసి కంచం పంపిస్తాడు. బొక్క చప్పరిస్తూ లస్మయ్య ఫోన్ తెరుస్తాడు. పెళ్లిళ్ల కాలంలో ఆయన కొలువు వారానికి నాలుగైదు సార్లు ఊడేది.

"నీ మొఖమే గసుంటిది. సూస్తెనే తిట్టబుద్ధయితది," అనేది ఆయన భార్య సత్తెమ్మ. అబద్ధం కాదు. సినిమా హాల్లో టిక్కెట్లు చింపినప్పుడు కరెంటు పోతే జనం ఈయన్నే తిట్టారు. ఎరువుల కొట్టులో యూరియా అయిపోతే యజమాని లోపలికి పోయి ఈయన్ని బల్ల ముందు కూర్చోబెట్టేవాడు. ఎక్కడ చేరినా నెల తిరగకుండా ముందు వరసలోకి వచ్చేవాడు. అసలు మొదలు ఇంట్లోనే పడింది. చిన్నతనంలో బాపు తాగివచ్చి కన్నతల్లి మీద చెయ్యెత్తినప్పుడల్లా లస్మయ్య వాకిట్లో ఇత్తడి బిందెను తన్నేవాడు. బిందె ఖంగుమని దొర్లేది. బాపు అవ్వను వదిలి ఇటు తిరిగేవాడు. ముక్కు విరిగింది అప్పుడే. ఆటలో డాలు మోగినప్పుడల్లా ఆయనకు ఆ బిందె చప్పుడే వినబడి, ఎందుకో మరి, ధైర్యం వచ్చేది.

ముహూర్తం బాగానే జరిగింది. జీలకర్ర బెల్లం, తలంబ్రాలు అయ్యాయి. పెళ్లికొడుకు వివేక్ మెతక మనిషిలాగే ఉన్నాడు. చిక్కు భోజనాల దగ్గర వచ్చింది. మగపెళ్లివారు ముందు కూర్చోవాలి. కానీ కురవి నుంచి ట్రాక్టర్లలో వచ్చిన ఆడపెళ్లివారు ఆకలికి ఆగలేక బల్లల మీద పడ్డారు. లేవండని చెప్పడానికి సంధ్య తండ్రి పోశయ్యకు నోరు రాలేదు. చెప్పబోయి, "జర మంచినీళ్లు తాగుండ్రి," అని వచ్చాడు. మొగుళ్లపల్లివాళ్లు కూర్చునేసరికి గంజులో బగారన్నం ఉంది, పులుసు ఉంది, మెత్తటి ముక్కలున్నాయి. మూలుగ బొక్క ఒక్కటీ లేదు.

సమ్మయ్య పటేల్ ఆరడుగుల మనిషి. కండువా సర్దుకుని, కంచంలో గరిటె వేసి ఇటూ అటూ కెలికాడు.

"ఏందిది? మేమేమన్న దవాఖానల కూడు తిననీకి వచ్చినమా? పోశయ్య ఏడి?"

గోడవారగా నిలబడ్డ పోశయ్య మొహం పాలిపోయింది. మొగుళ్లపల్లివాళ్లు ఒక్కొక్కరే చేతులు కడుక్కోవడం మొదలుపెట్టారు. "లేవుండ్రిరా. పిలగాన్ని లేపుండ్రి. బొక్క పెట్టలేనోని పిల్ల మనకెందుకు?" అన్నాడు పటేల్. వేదిక మీద సంధ్య తటాలున లేచి నిలబడింది.

లస్మయ్య ముందు ఆమెను చూశాడు. హీలర్ ముందుకు వస్తే రాకాసి హీలర్ మీదే పడుతుంది, ఆ తర్వాత ఎవరూ మిగలరు. వద్దని తల అడ్డంగా ఊపాడు. సంధ్య పెదవి కొరుక్కుని కూర్చుంది. ఆయన చేతికి దొరికిన పెద్ద గంజు మూత తీసుకుని, బల్ల మీద ధన్‌మని వేశాడు. పందిరంతా ఇటు తిరిగింది.

"ఆయన్నేం అడుగుతవ్ పటేలా, నన్నడుగు. బొక్కలన్ని నేనే తిన్న."

"ఏందీ?"

"పొయ్యి కాన్నే కూసొని తిన్న. ఒక్కొక్కటి గుంజి గుంజి చప్పరించిన. పిల్లతండ్రి నిండుగనే తెచ్చిండు, పాపం. నాకే ఆశ ఆగలే."

గరిటె పట్టుకున్న దేవ్యా తల వంచుకున్నాడు. లస్మయ్య మాట్లాడుతూనే పక్కకు జరిగాడు. పటేల్ ఆయనతోపాటు తిరిగాడు. ఇంకో అడుగు జరిగేసరికి పటేల్ వీపు పోశయ్య వైపూ, మొహం పూర్తిగా ఎర్రకోటు వైపూ అయింది. బగారన్నం కంచం వచ్చి కోటుకు తగిలింది. వెనకే చెంప మీద చెయ్యి పడింది. లస్మయ్య కదలలేదు. "రుచి మాత్రం మస్తుగుండె పటేలా," అన్నాడు. పటేల్ కాలరు పట్టుకుని ఊపాడు. మగపెళ్లివారంతా ఆయన చుట్టూ మూగారు. ఆ సందులో దేవ్యా మనుషులు మెత్తటి ముక్కలు వేడివేడిగా వడ్డించేశారు. చిన్నపిల్లలు తినడం మొదలుపెట్టారు కూడా.

ఇక ఆఖరి ఘట్టం. కట్టమ్మ వచ్చి నడుం మీద చెయ్యి వేసి గర్జించింది. "ఇయ్యాల్టితోని నీ కొలువు ఊడింది లస్మయ్యా, నడువ్!"

పటేల్ కాలరు వదల్లేదు. కళ్లు చిన్నవి చేసి కోటును పైనుంచి కింది దాకా చూశాడు. "ఆగు. పోయినేడు మా మరదలి బిడ్డ పెండ్లి ఈ గార్డెన్లనే అయ్యింది. అప్పుడు గూడ గీయన్నే కొలువుకెంచి తీసేసినవు గద? గిదే మనిషి. గిదే ఎర్రకోటు. ఏందమ్మా, మాతోని నాటకాలా?"

ఇన్నేళ్లలో ఆ మాట అడిగినవాడు లేడు. పటేల్ మెల్లగా మెడ తిప్పాడు. మళ్లీ పోశయ్యను వెతుకుతున్నాడు. ఆటలో అయితే ఇంకో మీట ఉంటుంది. ఇక్కడ లస్మయ్య దగ్గర ఇంకేమీ లేదు, ఒక్క కొలువు తప్ప.

"పటేలా, ఇటు సూడు," అన్నాడు. "నిజంగనే పోతున్న. కురవి ఈరన్న సాచ్చిగ మళ్ల ఈ గార్డెన్ల కాలు పెట్ట."

కురవి గుడిలోని ఆ వీరన్న దేవుడి పేరు ఎత్తి మాట తప్పినవాళ్లు ఆ చుట్టుపక్కల లేరు. పటేల్ మాత్రం పటేలే.

"వెనక గేటుకెంచి గూడ?"

లస్మయ్య కోటు గుండీలు విప్పాడు. "వెనక గేటుకెంచి గూడ."

పటేల్ కాలరు వదిలేసి, తువ్వాలతో చెయ్యి తుడుచుకుని, కుర్చీలో కూర్చున్నాడు. "అన్నం పెట్టుండ్రి," అన్నాడు. కట్టమ్మ చేతులు చాపి ఎర్రకోటు అందుకుంది. అందుకునేటప్పుడు ఆయన కళ్లలోకి చూడలేకపోయింది.

రోడ్డు అవతలి చాయ్ హోటల్ బెంచీ మీద లస్మయ్య వాచిన చెంప పట్టుకుని కూర్చున్నాడు. సత్తెమ్మకు ఏమని చెప్పాలో తెలియలేదు. మొహం చూసి నవ్వుతుంది ముందు. తర్వాత ఏడుస్తుంది. కాసేపటికి పోశయ్య రోడ్డు దాటి వచ్చాడు. వేలు చూపిస్తూ, ఊపిరి బిగబట్టి అరిచాడు.

"ఆశకు గూడ అద్దుండాలె వయా! నీ నోటి తీట సల్లగుండ, ఇంకొంచమైతె నా బిడ్డ పెండ్లి చెడిపోతుండె!"

బుద్ధి తెలిశాక పోశయ్య ఒక మనిషి మీద గొంతెత్తడం అదే మొదలు. అరిచాక ఛాతీ కొంచెం ముందుకు వచ్చింది. లస్మయ్య చేతులు జోడించి, "తప్పయింది అన్నా," అన్నాడు. పోశయ్య వెనక్కి వెళుతుంటే ఆ నడక చూసి ఆయనకు కడుపు నిండినట్టయింది.

అప్పగింతలు అయ్యాక పూలు కట్టిన కారు గేటు దాటి హోటల్ ముందు ఆగింది. పెళ్లికూతురికి కళ్లు తిరుగుతున్నాయట, సోడా కావాలట. అద్దం దిగింది. సంధ్య చెయ్యి బయటికి చాపింది. గోరింటాకు చేతిలో చిన్న బామ్ డబ్బా.

"పెట్టుకో అన్నా. ఇన్నేండ్లల్ల నా చేతుల ఒక్క ట్యాంక్ గూడ సావలే."

"సావలే బిడ్డా. జర రక్తం తగ్గిందంతె."

ఆమె నవ్వబోయి ఏడ్చింది. పక్కనున్న వివేక్ ఆయన చెంప చూసి, "ఎవలాయన?" అని అడిగాడు.

"మా గోడ," అంది సంధ్య. కారు కదిలింది. ములుగు రోడ్డు మలుపు తిరిగేదాకా లస్మయ్య నిలబడి చూశాడు. తర్వాత బామ్ రాసుకుంటూ, గార్డెన్ వైపు తల తిప్పకుండా, బస్టాండు దిక్కు నడిచాడు.

ఎండ వాలాక గార్డెన్‌లో కుర్చీలు ఒకదాని మీద ఒకటి పేర్చారు. కట్టమ్మ ఎర్రకోటును తనే కడిగి, తడితోనే జనరేటర్ గదిలో మేకుకు తగిలించింది. వెనక గేటు తాళం తీసే ఉంచమంది. వీరన్న పేరు ఎత్తిన మనిషి రాడని ఆమెకు తెలుసు, అయినా అంది. అలవాటుకొద్దీ దేవ్యా కంచం వడ్డించి, ఆ గదిలో డీజిల్ డబ్బా మీద పెట్టి, విస్తరాకు కప్పి వెళ్లాడు. పులుసు పేరుకుపోయింది. బగారన్నం మధ్యలో, ఆ పెళ్లి మొత్తానికి మిగిలిన ఒకే ఒక్క మూలుగ బొక్క, ఎవరూ ముట్టకుండా, అలాగే ఉంది.