అవ్వ కళ్ళజోడు

పెళ్ళై నలభై మూడు రోజులైనా అద్దాలమ్మకి కొత్త తీరలేదు. పొద్దున్నే సింకు దగ్గర ఒకే గ్లాసులో ఒకదాని మీద ఒకటి వాలిన రెండు బ్రష్షులు కనిపిస్తే చాలు, నోట్లో పేస్టుతోనే నవ్వేస్తుంది. టీ తాగేటప్పుడు ఆమె చిటికెన వేలు పైకి లేస్తుందని కనిపెట్టింది భర్తే. ఇరవై నాలుగేళ్ళుగా ఆ సంగతి ఆమెకే తెలీదు. "మహారాణీగారు టీ సేవిస్తున్నారు, అందరూ నిశ్శబ్దం!" అని రోజూ ఏడిపిస్తాడు.

ఆ ఇంట్లో ఒకే ఒక కట్టుబాటు ఉంది. అతను గదిలో కూర్చుని బొమ్మలు గీస్తున్నప్పుడు ఆమె దగ్గి మరీ లోపలికి వెళ్ళాలి. అతను 'ఏడు దీపాలు' అనే ఆన్‌లైన్ ఆటకి బొమ్మలు గీస్తాడు. రాబోయే కథ గురించి ఒక్క ముక్క బయటికి పొక్కినా ఆ రోజే ఉద్యోగం పోతుందన్న కాగితం మీద సంతకం పెట్టాడు. ఆమేమో పెళ్ళికి ముందునుంచే ఆ ఆటంటే పడిచచ్చే మనిషి. ఫోనులో అభిమానుల గుంపులో కథ ఎటు పోతుందో ఊహిస్తూ రాస్తుంటుంది. పనిచేసేది కళ్ళజోళ్ళ దుకాణంలో కాబట్టి అక్కడ అద్దాలమ్మ అని పేరు పెట్టుకుంది. అందరూ అలాగే పిలుస్తారు.

ఆ ఆటలో సముద్రపు ఒడ్డున ఒక ఊరుంటుంది. సాయంత్రమైతే ఒక అవ్వ ఏడు వీధుల్లో ఏడు దీపాలు వెలిగిస్తుంది. ప్రతి నెలా ఒకటో తారీఖున కొత్త అధ్యాయం వస్తుంది. వచ్చినప్పుడల్లా ఒక దీపం ఆరిపోతుంది, ఆ వీధిలో మనుషులు మాయమైపోతారు. ఇప్పటికి ఐదు ఆరాయి. ఎవరు ఆర్పుతున్నారన్నదే గుంపులో గొడవ. గాలి అని కొందరు, పడవవాడని కొందరు జుట్లు పట్టుకుంటున్నారు.

ఆదివారం మధ్యాహ్నం అద్దాలమ్మ నాలుగే వాక్యాలు రాసింది. "ఐదో అధ్యాయంలో ఉన్నది మన అవ్వ కాదు. అవ్వ శాలువా కప్పుకున్న వేరే మనిషి. దీపాలు ఆర్పుతున్నది ఆవిడే. అసలు అవ్వని ఎక్కడో దాచేశారు." ఎలా కనిపెట్టిందో మర్నాడు రాయొచ్చులే, కాస్త ఊరిద్దామని ఫోను పక్కన పెట్టి, చూసేవాళ్ళకి సిగ్గనిపించేంత గారంగా భర్త భుజం మీద తల పెట్టి నిద్రపోయింది.

సోమవారం పదకొండు గంటలకి, దుకాణంలో ఒక పెద్దాయన ఫ్రేముకి లెన్సు బిగిస్తుంటే ఫోను మోగింది.

"నువ్వు రాసిందే కథ," అన్నాడు భర్త, గొంతు తగ్గించి. "ఆరో అధ్యాయం. అక్షరం పొల్లుపోకుండా."

ముందు సంతోషం తన్నుకొచ్చింది. "చూశావా! నేను చెప్పలే..."

"మా ఆఫీసులో నేనే చెప్పానంటున్నారు."

ఆమె చేతిలో స్క్రూ డ్రైవరు ఆగిపోయింది. "నేనెవరో వాళ్ళకెలా తెలుసు?"

"చెల్లి రాసింది. గుంపులో చూడు."

చూసింది. తన రాత కింద ఆడపడుచు జవాబు తళతళలాడుతోంది. "మా వదినకి తెలియకపోతే ఇంకెవరికి తెలుస్తుందర్రా! అవ్వ బొమ్మ గీసేది మా అన్నయ్యే!!" దాని కింద మూడు వందల మంది చప్పట్లు.

"నాలుగింటికి మా ఆఫీసు మేడమ్ నీతో మాట్లాడాలంటోంది. అక్కడికే వస్తున్నాం," అన్నాడు. "ఒక్కటి అడుగుతాను, కోప్పడకు. నేను లేనప్పుడు నా స్క్రీన్ చూశావా?"

"లేదు!"

"సరే," అన్నాడు. ఆ 'సరే' ఆమె చెవిలో ముల్లులా దిగబడిపోయింది.

ఆ ఐదు గంటలూ ఎలా గడిచాయో ఆమెకే తెలియాలి. అతని ఉద్యోగం పోతే ఇంకోటి చూసుకోవచ్చు. కానీ ఆఫీసు గుట్టు బయటపెట్టిన మనిషికి ఈ పనిలో ఇంకెవరు చోటిస్తారు? అంతకంటే పెద్ద భయం ఇంకోటి పట్టుకుంది. ఒకరోజు చేతిలో రెండు టీ గ్లాసులతో దగ్గడం మర్చిపోయి లోపలికి వెళ్ళింది. అతను చటుక్కున స్క్రీన్ తిప్పేశాడు. బూడిద రంగు ఏదో కనిపించింది. శాలువానా? దాని పైన ముఖం కూడా చూసిందా? చూసి, మర్చిపోయి, తానే కనిపెట్టానని మురిసిపోయిందా? ఎంత తవ్వుకున్నా గుర్తు రాదే! అడిగినప్పుడు ఎంత గట్టిగా 'లేదు' అనేసింది!

ఈలోగా ఆడపడుచు ఫోన్ చేసి ఒకటే ఏడుపు. "వదినా, గొప్పకి రాశానే. చంపెయ్యి నన్ను. అన్నయ్య నాతో మాట్లాడట్లేదు."

"ముందు ముక్కు చీదుకో. చంపడం సంగతి రేపు చూద్దాం," అంది అద్దాలమ్మ.

సరిగ్గా నాలుగింటికి వచ్చారు. మేడమ్ యాభై దాటిన మనిషి, పొట్టి జుట్టు. భర్త ఆవిడ వెనకే, తప్పు చేసిన పిల్లాడిలా నిలబడ్డాడు.

"ఎవరు చెప్పారమ్మా?" అంది మేడమ్, కుర్చీలో కూర్చోకుండానే.

"ఎవరూ చెప్పలేదు. అవ్వ కళ్ళజోడు చూసి చెప్పాను."

అద్దాలమ్మ నాలుగో అధ్యాయం బొమ్మా, ఐదో అధ్యాయం బొమ్మా పక్కపక్కన తెరిచింది. తర్వాత లెన్సుల పెట్టెలోంచి రెండు అద్దాలు తీసి, తన కళ్ళజోడు నెత్తి మీదికి నెట్టి, ఒకటి కంటి ముందు పెట్టుకుంది.

"ఇది ప్లస్ పవర్. ఇందులోంచి నా కన్ను మీకు పెద్దగా కనిపిస్తుంది. ఇప్పుడిది మైనస్. చూడండి, చిన్నదైపోయింది. చెంప అంచు కూడా లోపలికి జరిగినట్టుంది కదా? నాలుగు అధ్యాయాల్లో అవ్వ కళ్ళు అద్దాల్లో పెద్దవి. ఐదో దాంట్లో చిన్నవి."

"ముసలావిడ కళ్ళజోడు మార్చుకోకూడదా?"

"పవర్ ఎక్కువ తక్కువలవుతాయి మేడమ్. కానీ ఇంత ప్లస్ నెల తిరక్కుండా ఇంత మైనస్ అవదు. అవి ఒక మనిషి కళ్ళు కావు."

మేడమ్ రెండు అద్దాలూ తీసుకుని అతని కంటి ముందు ఒకసారి, తన కంటి ముందు ఒకసారి పెట్టి గోడ అద్దంలో చూసుకుంది. తర్వాత మెల్లగా అతని వైపు తిరిగింది. "చిన్న కళ్ళు పెట్టమని నీకెవరు చెప్పారు?"

అతను ఫోనులో బొమ్మ వైపు చూశాడు. "ఎవరూ చెప్పలేదు మేడమ్. ముందు మా నానమ్మ కళ్ళజోడు చూసి గీసేవాణ్ణి. ఐదోదానికి వేరే మనిషి కదా, వేరే కళ్ళజోడుండాలనిపించింది. సింకు పక్కన... ఈవిడది కనిపించింది."

అద్దాలమ్మ చెయ్యి తెలియకుండానే తన కళ్ళజోడు మీదికి పోయింది. తన అద్దాలు దొంగ అవ్వ ముక్కు మీద!

"అంటే బయటపెట్టింది నువ్వే," అంది మేడమ్.

ఆమె భర్త చొక్కా అంచు పట్టుకుంది.

"అది ఆటలోనే ఉంది. లక్షల మంది ముందు పెట్టాం. చూసింది ఈ అమ్మాయి ఒక్కతే," అంది మేడమ్, అలసటగా. "ఇందుకు ఉద్యోగం తీయలేను. కానీ అమ్మాయ్, ఇతను మా దగ్గరున్నన్నాళ్ళూ నువ్వు ఇక ఊహించడానికి వీల్లేదు. మనసులో ఊహిస్తే నేనాపలేను. రాయకూడదు, చెప్పకూడదు, ఇతనితో కూడా. ఇంకోసారైతే ఎలా తెలిసిందని నేనడగను."

ఆ సాయంత్రమే అద్దాలమ్మ గుంపులోంచి బయటికొచ్చేసింది. దారిలో అతను, "స్క్రీన్ చూశావా అని అడగకుండా ఉండాల్సింది," అన్నాడు. దగ్గడం మర్చిపోయిన ఆ రోజు సంగతి ఆమె అప్పుడు చెప్పేసింది. "అది నీళ్ళలో పడవ. శాలువా కాదు," అని అతను నవ్వాడు. ఇద్దరూ ఒకే గొడుగు కింద ఇంటికెళ్ళారు. వాన లేకపోయినా.

ఒకటో తారీఖు పొద్దున ఆరో అధ్యాయం వచ్చింది. అతను స్నానానికి వెళ్ళాడు. ఆమె టీ గ్లాసుతో మంచం అంచున కూర్చుని తెరిచింది. ఇంకొక్క దీపమే మిగిలింది. ఊళ్ళో అందరూ నమ్మే పడవవాడు ఆ వీధిలోని పిల్లల్ని పడవ ఎక్కిస్తున్నాడు, లాంతరు ఎత్తి దారి చూపిస్తూ. ఆమె చూపు ఆ చేతి మీద ఆగింది.

లాంతరు పట్టుకున్న చేతికి చిటికెన వేలు పైకి లేచి ఉంది.

వెనక్కి తిప్పి దొంగ అవ్వని చూసింది. ఆవిడ పట్టుకున్న దీపాలార్పే కర్ర మీద అదే వేలు, అలాగే. అంటే పడవవాడూ ఆవిడా ఒకే ఇంటివాళ్ళు. పిల్లలు ఒక్కొక్కరే పడవెక్కుతున్నారు.

గుమ్మం అవతల ఎవరో దగ్గారు. ఈసారి అతను. "రావచ్చా మహారాణీ? ఎలా ఉంది? ఏమైనా చూశావా?"

అద్దాలమ్మ ఫోను బోర్లా పెట్టేసింది. "ఏం లేదు. బాగుంది," అంది. గ్లాసు మీద లేచి ఉన్న చిటికెన వేలిని మెల్లగా కిందికి మడిచింది.