తొమ్మిది వేల పుస్తకాలు మాయం

ఉదయం పదింటికి లైబ్రేరియన్ ఫోన్ చేశారు. “అమ్మాయ్, మా అరల్లో ఒక్క పుస్తకమూ లేదంటోంది మీ ప్రోగ్రాము. తొమ్మిది వేలూ మాయమట! నేనేమో వాటి మధ్యే కూర్చున్నాను.”

పెళ్లయి మూడు వారాలైన ఆ ప్రోగ్రామర్‌కు నవ్వాగలేదు. పక్క సీట్లో బాబాయ్‌కి మాత్రం ముచ్చెమటలు పోశాయి. ఆఫీసంతా బాబాయ్ అని పిలిచే ఆ పెద్దమనిషే టీమ్‌కు లీడరు. జాబితాలను పోల్చడానికి ఆయన రాసిన ఫంక్షన్లు మూడున్నాయి: పుస్తకాలకొకటి, పత్రికలకొకటి, సభ్యులకొకటి. వాటికి బదులు ఏ రకం జాబితాకైనా పనికొచ్చే ఒకే జెనెరిక్ ఫంక్షన్ ఆమె రాసింది. ఉద్యోగంలో తన సొంత ఆలోచనతో చేసిన మొదటి పని అదే.

“మధ్యాహ్నంలోగా తేల్చు తల్లీ. లేదంటే నా పాతవే పెట్టేస్తా,” అన్నాడాయన.

ఆమె కోడ్ తెరిచింది. రెండు జాబితాలూ ఒకే రకం అయి తీరాలని తను ‘టి’ అని పెట్టిన టైపు చోట, ఏ రకమైనా సరేననే ‘ఎనీ’ దర్జాగా కూర్చుని ఉంది.

“బాబాయ్, ఇది మీ చలవేనా?”

“రెండు జాబితాలూ ఒకే రకం కావంటూ నిన్న, కోడ్‌లో తప్పులు పట్టే ఆ కంపైలర్ తెగ గోల చేసింది. ఏదైనా సరేలే అని దాని నోరు మూయించా.”

“అది గోల చేసింది మన మంచికే. కేటలాగ్‌లో పేరూ రచయితా నంబరూ కలిపి ఒక్కో పుస్తకం వివరం ఉంది. అరల్లో స్కాన్ చేసినవి ఉత్త నంబర్లు. అదీ ఇదీ ఏ జన్మకి సమానమవుతాయి?”

ఇంతలో టెస్టర్ వచ్చాడు. ఆమె మొగుడే. “నా లిస్టు నీ లిస్టుతో ఎప్పుడు కలిసింది గనక!”

“నీ సంగతి ఇంటికెళ్లాక చెప్తా. ముందు ఆ స్కాన్ ఫైలు పంపు మహానుభావా.”

రెండు జాబితాలకూ ఒకే టైపని మొండికేసింది తనేనని ఆమెకు తెలుసు. ఇప్పుడు ఒక్కోదానికి ఒక్కో టైపు ఇచ్చింది. పోల్చాల్సిన నంబరుకు మూడోది. దేన్లోంచి ఆ నంబరెలా తీయాలో ఫంక్షన్‌ను వాడేవాళ్లే చెప్పాలి. రెండువైపులా వచ్చేది ఒకే రకం కాకపోతే కంపైలర్ ఒప్పుకోదు. ఈసారి అది కిమ్మనలేదు.

పోయినవి నాలుగని తేలింది.

“నాలుగా?” ఫోన్లో లైబ్రేరియన్ గొంతు తేలికపడింది. “రెండు నా బల్ల మీదే ఉన్నాయమ్మా. మిగతావి ఎవరు దాచారో నాకు తెలుసు, వదలను.”

బాబాయ్ కుర్చీ జరుపుకుని పత్రికల జాబితా కూడా ఆమె ఫంక్షన్‌కే ఇచ్చి చూశాడు. తర్వాత సభ్యులది. రెండూ సరిగ్గా వచ్చాయి. తన మూడు ఫంక్షన్లనూ ఆయన కాసేపు తేరిపార చూశాడు.

“తీసెయ్యమంటారా?” అందామె.

“నువ్వాగు. నేను పెంచినవి, నేనే సాగనంపుతా,” అని మీట నొక్కేశాడు.