నన్ను గురించి దేవుడికి చెప్పారు

గొంతు పోయినవాడికి చెవులు కూడా పోతాయని తెనాలిలో అందరికీ ఎవరు చెప్పారో నాకు తెలియదు. థైరాయిడ్ ఆపరేషన్ అయ్యాక నా గొంతు తిరిగి రాలేదు. నోరు తెరిస్తే సైకిల్ ట్యూబులోంచి గాలి పోతున్నట్టు ఒక బుస వస్తుంది, అంతే. ఇందులో ఎవరి తప్పూ లేదట, కొందరికి ఇలా అవుతుందట. సరే. కానీ ఆ రోజు నుంచి పాలవాడు మొదలు అందరూ నా ముఖం మీదకు వంగి అరుస్తున్నారు. పాస్టరు గారైతే నన్ను ఎదురుగా పెట్టుకుని, "అబ్బాయి అన్నం సరిగా తింటున్నాడా అమ్మా?" అని అమ్మను అడిగారు. నాకు నలభై దాటాయి.

ఆ గొంతుతోనే ఈ ఇల్లు నడిచింది. జూనియర్ కాలేజీలో ఫిజిక్స్ చెప్పేవాణ్ణి. శాలేమురాజు సారు క్లాసంటే పక్క సెక్షన్ వాళ్ళు కూడా గోడ అవతల నుంచి వింటూ నోట్సు రాసుకునేవారు. ఆ జీతం మీదే చెల్లెలు లిడియా బీఈడీ చదివింది. ఆమె భర్త అజయ్ బాబు ఏ ఉద్యోగమూ తన స్థాయికి తగదని ఏళ్ళ తరబడి మా ఇంట్లోనే పడుకుని ఆలోచించాడు. తీరా నా గొంతు పోయాక ఆయనకు రేపల్లెలో బైకుల షోరూములో ఉద్యోగం దొరికింది, లిడియాకు బాపట్లలో స్కూలు దొరికింది. పొద్దున్నే ఇద్దరూ చెరో రైలు ఎక్కుతారు. ఇన్నాళ్ళూ ఆ రైళ్ళు తెనాలిలో ఆగేవి కావా అని నాకు ఒళ్ళు మండేది.

మొదట్లో ఏదైనా చెప్పాలంటే ఫోనులో టైపు చేసేవాణ్ణి. మా ఫ్యామిలీ గ్రూపులో బైబిలు వాగ్దాన వాక్యాలు, గులాబీల బొమ్మల కింద నా మాట మునిగిపోయేది. "ఇంటి ముందు కుళాయి కారుతోంది" అని పెడితే మా పిన్ని దండం బొమ్మ పెట్టి "దేవునికి స్తోత్రం" అంది. ఇక మానేశాను.

నాకు మిగిలింది అమ్మ ఒక్కతే. పెదాలు చూసి నా ప్రతి మాటా అందుకునేది. నా కోపాన్ని కూడా ఒక్క పిసరు తగ్గించకుండా చెప్పేది. ఒకసారి నా తువ్వాలు అజయ్ వాడుకున్నాడని నేను బుసకొడితే, "నీకు సిగ్గుందా అంటున్నాడు నాయనా. నేననటం లేదు, వాడంటున్నాడు" అంది. అజయ్ తువ్వాలు తీగ మీద ఆరేసి వెళ్ళిపోయాడు. ఆ పూట నాకు కడుపు నిండిపోయింది.

గొడవ ట్యూషన్ల దగ్గర మొదలైంది. స్కూలు నుంచి వచ్చాక లిడియా ముందు గదిలో పిల్లలకు చెబుతుంది. ముందు గదంటే నా గది. నా మంచం ఒక మూలకు నెట్టి బెంచీలు వేశారు. ఒకరోజు బరువన్నా ద్రవ్యరాశన్నా ఒకటేనని పిల్లలకు చెప్పేసింది. వింటూ కూర్చోవడానికి నేనేమైనా రాయినా? లేచి వెళ్ళి సుద్దముక్క లాక్కుని "కాదు" అన్నాను. ఒక పిల్ల జడుసుకుని సంచీ వెనక దాక్కుంది. మిగతావాళ్ళు నాలాగే బుసకొట్టి నవ్వారు. మర్నాడు అంగలకుదురు నుంచి ఆటోలో వచ్చే పిల్లలు రాలేదు.

"లోపల కూర్చోమని అన్నయ్యకి చెప్పమ్మా" అంది లిడియా, నేను అక్కడే ఉండగా. "ఈ ఇల్లు ఇప్పుడు దేని మీద గడుస్తుందో కూడా చెప్పు."

"నువ్వు చెప్పింది తప్పంటున్నాడే" అంది అమ్మ.

లిడియా ఇంకేమీ అనలేదు. అనకపోతే అయిపోయిందనుకున్నాను, నా తెలివి తెల్లారినట్టే ఉంది. మా ఇంట్లో ఎదురుగా అనలేని మాటలు దేవుడికి చెబుతారు. రోజూ భోజనాల ముందు చాప మీద కూర్చుని, కళ్ళు మూసుకుని, ఒకరి తర్వాత ఒకరం పైకి ప్రార్థన చేస్తాం. ఆ మాట వినాల్సినవాడు పక్కనే ఉంటాడు. మధ్యలో నోరెత్తకూడదు. లిడియా అజయ్‌ను ఇష్టపడిన రోజుల్లో అమ్మ, "ప్రభువా, ఆ అబ్బాయి చొక్కాలు చూసి మా పిల్ల మోసపోకుండా కాపాడు" అని ప్రార్థించింది. దేవుడు కాపాడలేదనుకోండి, అది వేరే సంగతి.

మొన్న లిడియా వంతు వచ్చింది.

"ప్రేమగల తండ్రీ, మా అన్నయ్యకి బాపట్లలో ఆ విశ్రాంతి గృహంలో చోటు చూపించినందుకు నీకు స్తోత్రాలు. మంచం, ఫ్యాను, వేళకు భోజనం, అన్నీ ఏర్పాటు చేశావు తండ్రీ. సోమవారం ప్రయాణంలో అన్నయ్యకి తోడుగా ఉండు."

సోమవారం! నాకే తెలియని నా ప్రయాణానికి దేవుడికి కృతజ్ఞతలు కూడా చెప్పేశారు. ఆ గృహం నాకు తెలుసు. క్రిస్మస్‌కు చర్చి తరఫున దుప్పట్లు పంచడానికి వెళ్ళేవాళ్ళం. మంచాన పడ్డ ముసలివాళ్ళుంటారు అక్కడ. నాకు గొంతు తప్ప అన్నీ ఉన్నాయి. కళ్ళు తెరిచాను. అజయ్ అప్పటికే కళ్ళు తెరిచి నన్నే చూస్తున్నాడు. గబుక్కున మూసుకున్నాడు.

"నేను వెళ్ళను" అన్నాను, ప్రార్థన మధ్యలో. మా ఇంట్లో ఎవరూ చెయ్యని పని అది.

లిడియా కళ్ళు తెరవలేదు. గొంతు పెంచింది. "అన్నయ్య ఆయాసం తీసెయ్యి తండ్రీ..."

"ఇది నా ఇల్లు. నేను వెళ్ళను."

"...ఆ మనసులో బాధ నువ్వు చూస్తున్నావు తండ్రీ..."

అరచేత్తో నేలను కొట్టాను. అజయ్ "ఆమేన్" అనేశాడు. ప్రార్థన అయిపోయింది.

లిడియా నా చెయ్యి పట్టుకుంది. కళ్ళ నిండా నీళ్ళు. అవి దొంగ ఏడుపులు కావు, అందుకే నాకు ఇంకా మండింది.

"ఏంటన్నయ్యా? ఏమంటున్నావు?"

నేను అమ్మ వైపు తిరిగాను. పలక మీద అక్షరాలు దిద్దించినట్టు, ఒక్కొక్క అక్షరానికీ పెదాలు విడదీసి, నేను వెళ్ళను అన్నాను. అమ్మ నా నోటి వంకే చూసింది. చాలాసేపు చూసింది. కొంగుతో ముఖం తుడుచుకుంది.

"ఏమంటున్నాడత్తయ్యా?" అన్నాడు అజయ్.

"మీ ఇష్టమే తన ఇష్టమంటున్నాడు" అంది అమ్మ.

లిడియా నా చేతిని కళ్ళకద్దుకుంది. "నాకు తెలుసు. మా అన్నయ్య మనసు నాకు తెలుసు."

అమ్మ కంచాల కోసం వంటింట్లోకి వెళ్ళింది. నేను వెనకాలే వెళ్ళి మళ్ళీ చెప్పాను. స్టవ్ వైపు తిరిగింది. అటు వెళ్ళి చెప్పాను. కిటికీ వైపు తిరిగింది. భుజం పట్టుకుని నా వైపు తిప్పుకున్నాను. అమ్మ కళ్ళు మూసుకుంది.