విషయసూచికలో లేని కూతురు

ఊళ్లోవాళ్ల పుస్తకాలు వందకు పైగా ఈ-బుక్కులు చేసిపెట్టిన చిన్న కూతురికి, సొంత నాన్న పుస్తకం దగ్గరికొచ్చేసరికి చెయ్యి ఆడలేదు. పోయిన మనిషి జీవితకథ మరి! మంచాన పడ్డాక ఆయన చెబుతుంటే సగం తనూ సగం అక్కా టైపు చేశారు. ఎదుట కూర్చున్న మనిషి గురించి నాలుగు మంచి మాటలు చెప్పడం నాన్నకు చేతకాదు. అందుకే అక్క గురించిన అధ్యాయం తనతో రాయించాడు. తన అధ్యాయం అక్కతో రాయించే ఉంటాడని ఇన్నాళ్లూ లోలోపల మురిసిపోయింది, పిచ్చిది.

అక్క పంపిన ఫైలు కలిపి, అధ్యాయాల పేర్లకు శీర్షిక గుర్తు పెట్టి, విషయసూచిక బటన్ నొక్కింది. గుర్తున్న పేర్లే సూచికలోకి వస్తాయి. అమ్మ వచ్చింది, అక్క వచ్చింది, ఆఫీసులో టీ ఇచ్చే ముసలాయన కూడా వచ్చాడు. తను మాత్రం రాలేదు. ఎక్కడో గుర్తు పెట్టడం మరిచానేమోనని పుస్తకమంతా మూడుసార్లు గాలించింది. ఉంటేగా!

అక్కకు ఫోన్ చేసింది. "నా అధ్యాయం ఏదక్కా?"

"అయ్యో, పంపలేదూ? నా మతిమరుపు మండ! రేపు పంపుతాలేవే."

మర్నాడు వచ్చింది, "నా చిన్న కూతురు" అనే పేరుతో. చదువుతూ ఎన్నిసార్లు కళ్లు తుడుచుకుందో! సూచికలో చివరి వరుసలో చేర్చింది. నొక్కితే తిన్నగా తన పేజీకే పోతోంది. మళ్లీ మళ్లీ నొక్కి చదువుకుంది. నాలుగోసారి ఒక వాక్యం దగ్గర ఆగిపోయింది. "దాని పరీక్షనాడు వానలో గొడుగేసుకుని మూడు గంటలు గేటు దగ్గరే నిలబడ్డాను." ఆ రోజు నాన్న ఊళ్లోనే లేడు. నిలబడింది అక్క.

మళ్లీ ఫోన్ చేసింది. "నిజం చెప్పక్కా. నాన్న నా గురించి ఏమన్నాడు?"

అక్క ఇక దాచలేదు. "రెండుసార్లు అడిగానే. ‘దాని గురించి రాయడానికేముంది, ఏనాడూ ఏ ఇబ్బందీ పెట్టలేదు కదా’ అన్నాడు. తప్పు చేశాను, అది తీసెయ్యవే."

ఇబ్బంది పెట్టకుండా పెరగడానికి తనెంత కష్టపడిందో ఆ మహానుభావుడికేం తెలుసు! ఏడుపు ఎంతకీ ఆగలేదు.

ఆ అధ్యాయాన్ని మాత్రం తీసెయ్యలేదు. "నా చిన్న కూతురు" కొట్టేసి "మా చెల్లి" అని రాసి, కింద అక్క పేరు పెట్టి, విషయసూచిక మళ్లీ తయారుచేసింది.