నరేశ్ సార్ చేతి పని

"గిది నరేశ్ సార్‌తోనే అయితదట. గా పిల్ల గట్టిగ చెప్పింది," అంటూ మా ఆయన ప్రకాశ్ అరచేయంత ఇనుప డబ్బా తెచ్చి చిక్కుడుకాయల పక్కన పెట్టాడు. నేను ఈనెలు తీస్తున్నాను.

"నరేశ్ ఎవరు?" అన్నాను.

"నువ్వే," అని నవ్వి, చేతులు కడుక్కోవడానికి పోయాడు.

అన్నం తింటూ మిగతాది చెప్పాడు. కోరుట్లలో మాది ఎలక్ట్రానిక్స్ రిపేరు దుకాణం. కష్టమైన పని వస్తే "హైదరాబాద్‌ల నరేశ్ సారని నా దోస్తున్నడు, ఆయనకు పంపిస్త" అని గిరాకీలకు రెండేళ్ళుగా చెబుతున్నాడట. పంపేది మాత్రం ఇంటికే. పొద్దున టిఫిన్ సంచీలో అన్నం పోతుంది, సాయంత్రం అదే సంచీలో పాడైన బోర్డులు వస్తాయి. వంటింటి గట్టు మీద నేను బాగుచేస్తాను. "ఇంట్ల ఆడది చేస్తదంటే ఎవడన్న సామాను ఇస్తడా? నీ మంచికే చెప్పిన," అని పెరుగు కోసం కంచం ముందుకు జరిపాడు. వేశాను.

నాకు కుళ్ళు పుట్టింది. లేని మనిషి మీద కుళ్ళేమిటని మీరు నవ్వచ్చు. సిరిసిల్లలో మా నాయన పవర్‌లూమ్ మీద పన్నెండు గంటలు నిలబడి నన్ను పాలిటెక్నిక్ చదివించాడు. మా ఆయన మస్కట్‌లో ఉన్న నాలుగేళ్ళూ ఆ దుకాణంలో కూర్చున్నది నేనే. అప్పుడు ఎవరూ ఏమీ అనలేదు. ఆయన తిరిగొచ్చిన వారానికే "నువ్వు దుకాణంల కూసుంటే మంది ఏమంటరు" అన్న మాట ఇంట్లోకి వచ్చింది. నేను కుర్చీ దిగాను. ఆ కుర్చీ మా ఆయనకే పోయిందనుకున్నాను ఇన్నాళ్ళూ. నరేశ్ కూడా పంచుకుంటున్నాడని తెలియదు. ఒక గిరాకీ నరేశ్ సార్‌కని షర్టు గుడ్డ ఇచ్చాడట. నీలిరంగుది. దాన్ని కుట్టించుకుని మా ఆయన మా తమ్ముడి పెళ్ళికి వేసుకున్నాడు, బాగుందని నేనే అన్నాను.

డబ్బా తెచ్చిన పిల్ల పేరు వర్ష, జగిత్యాలలో ఆర్కెస్ట్రాలో గిటారు వాయిస్తుంది. గిటారు శబ్దాన్ని పెంచి స్పీకర్లకు పంపే డబ్బా అది, పాతకాలపు పద్ధతిలో కట్టింది. అందులో ఎర్రతీగ, అంటే ప్లస్, డబ్బా ఒంటికి అతికి ఉంటుంది. వర్ష దగ్గరున్న మిగతా డబ్బాలన్నిటిలో మైనస్ ఒంటికి ఉంటుంది. అందుకే ఇది వాటితో కలిసి ఒకే అడాప్టర్ మీద నడవదు, నడిచేటట్టు చేయమని ఇచ్చింది. మా ఆయన చూసి "ఎవడో తిక్కలోడు ఉల్టా అతికిండు" అని రెండు తీగలూ అటుదిటు, ఇటుదటు చేశాడు. డబ్బా మూగబోయింది. తీగలు తిప్పితే చాలదు. లోపలి ట్రాన్సిస్టర్ తీసి దానికి వ్యతిరేక రకంది వేయాలి, రెండు పెద్ద కెపాసిటర్లను తలకిందులు చేయాలి. "ఆదివారం రిసెప్షన్‌ల ప్రోగ్రాం ఉన్నదట. ఎంత ధైర్యమో చూడు, గంత మందిల నిలబడి వాయిస్తది," అన్నాడు మెచ్చుకోలుగా. పరాయి ఆడపిల్ల మందిలో నిలబడితే ధైర్యం. సరే.

మర్నాడు పప్పు ఉడుకుతుండగా మొదలుపెట్టాను. పాత రేడియో బోర్డు నుంచి ట్రాన్సిస్టర్ ఊడదీసి వేశాను. ఒక రెసిస్టర్ మార్చి మార్చి, మీటరులో ఏడు వోల్టులు వచ్చేదాకా చూశాను. నరేశ్ అయితే ఇంత వెలుతురులేని చోట కూర్చోడు. ఆయనకు టేబులుంటుంది, మీద ఫ్యానుంటుంది, చాయ్ ఎవరో తెచ్చి పెడతారు. పని రెండు రోజులు ఆలస్యమైతే "పెద్ద మనిషి, ఎన్ని పనులుంటయో" అంటారు. నాకు గంట ఆలస్యమైతే "పొద్దంత ఏం చేసినవ్" అంటారు. అన్నిటికన్నా గొప్ప, నరేశ్‌కు అత్త లేదు. నాకు ఉంది కాబట్టి సరిగ్గా అప్పుడే మా అత్త శంకరవ్వ పిలిచింది. "ఓ ప్రవళికా, ఆ తీగలు అతుకుడు సాలుగాని నా బీపీ గోలీ ఎక్కడ పెట్టినవే? అదీ ఒక పనేనా, కూసోని చేసేది!" గోలీ ఇచ్చాను, నీళ్ళిచ్చాను, పప్పు దించాను.

మూత బిగించబోతూ చూస్తే ఒక కెపాసిటర్ పాత దిక్కుకే ఉంది. మరచిపోయాను. అలా ఉంటే ఓ పావుగంట ఓర్చుకుంటుంది, తర్వాత వేడెక్కి పొంగి టప్పున పేలుతుంది. ఎక్కడ? జగిత్యాలలో, స్టేజి మీద, అంత మంది ముందు. ఎవరి పేరు పోతుంది? నరేశ్ సార్ పేరు. నేను నాలుగు మరలూ బిగించేశాను. ఆ పూట నాకు ఎంత హాయిగా ఉందంటే, కూరలో ఉప్పు ఎక్కువైందని మా అత్త అంటే కూడా నవ్వాను.

పొద్దున బట్టలు ఉతుకుతుంటే ఆ హాయి కాస్తా పోయింది. వర్ష మీద జాలేసి కాదు, అబద్ధం చెప్పను. ఆ పిల్ల మీద కూడా నాకు కుళ్ళే. ఇంకో లెక్క తట్టింది. డబ్బా బాగా పలికితే మెప్పు నరేశ్‌ది. కానీ పాడుచేసింది మాత్రం నేను. అంటే ఆ డబ్బాలో నాదంటూ మిగిలేది ఆ ఒక్క చెడే. సబ్బు చేతులు చీరకు తుడుచుకుని లోపలికి పోయి, మరలు ఊడదీసి కెపాసిటర్‌ను తిప్పి అతికాను.

దాన్ని మళ్ళీ ఆ సంచీలో పెట్టబుద్ధి కాలేదు. డబ్బా వెనక అంటించిన చీటీ మీద వర్ష నంబరుంది. ఫోన్ చేసి, దుకాణం ప్రకాశ్ భార్యనని చెప్పి ఇల్లెక్కడో కనుక్కున్నాను. "అత్తా, అన్నం వండిన, పెట్టుకొని తిను," అని చెప్పి జగిత్యాల బస్సెక్కాను.

వర్ష మేడమీద గదిలో డబ్బాను మిగతావాటి వరుసలో కలిపింది. కాలితో నొక్కి తీగ మీటింది. కిటికీలో పడుకున్న పిల్లి ఎగిరి బయటికి దూకింది. నేను ఇన్ని బోర్డులు బాగుచేశాను కానీ, అవి పనిచేస్తుంటే ఎదురుగా ఉండి వినడం చాలా ఏళ్ళ తర్వాత ఇదే. కళ్ళలో నీళ్ళొచ్చాయి, దాచుకోలేదు.

"అబ్బా! నరేశ్ సార్‌కు దండం పెట్టిన అని చెప్పున్రి అక్కా," అంది వర్ష.

"నరేశ్ అనేటోడు లేడు బిడ్డా. చేసింది నేను."

"ఉత్తగనే అంటున్నరు."

మూత తీసి, పాత ట్రాన్సిస్టర్ అరచేతిలో పెట్టి, ఏది ఎందుకు తిప్పానో ఒక్కొక్కటీ చెప్పాను. ఆ పిల్ల గిటారు పక్కన పెట్టి నేలమీద కూర్చుని వింది. అంతా విన్నాక "మరి అన్న గట్లెందుకు చెప్పిండక్కా?" అంది.

నేను నోరు తెరిచేలోపు ఫోన్ మోగింది. మా ఆయన. "ఎక్కడ తిరుగుతున్నవ్? రాయికల్ నుంచి పెద్ద యాంప్లిఫయర్ వచ్చింది. మాపటి వరకు చేసియ్యకుంటే వేరే దుకాణానికి పోతమంటున్నరు. జల్ది ఇంటికి రా!"

"నరేశ్ సార్‌కు పంపియ్యి," అన్నాను.