రాగిచెంబులో సింహం పాలు

అనంతపద్మనాభానికి నోరు జారడం పుట్టుకతో వచ్చిన విద్య. గరివిడి ఫ్యాక్టరీ లేబొరేటరీలో ఖనిజం పొడిని ఊపిరి బిగబట్టి తూచే మనిషి, మాటల దగ్గరికొచ్చేసరికి బస్తాలకొద్దీ కుమ్మరిస్తాడు. క్రోమ్ గనులు చూసి రమ్మని టర్కీ పంపించారు. గనుల గురించి ఏం నేర్చుకున్నాడో దేవుడికెరుక. తిరిగొచ్చింది మొదలు ఒకటే పాట. అక్కడ ఒక మందు ఉందట, చూడ్డానికి మంచినీళ్లలా ఉంటుందట, అందులో నీళ్లు పొయ్యగానే పాలలా తెల్లబడుతుందట. సోపు గింజల వాసనట. వాళ్లు దాన్ని ముద్దుగా సింహం పాలు అంటారట.

విని విని విసిగిపోయిన మేనేజరు గణపతిరావు ఒకరోజు క్లబ్బులో, “మాటలేనా, మాక్కూడా చూపిస్తావా?” అన్నాడు.

“దానికేం భాగ్యమండీ, మా ఇంట్లో నేనే తయారుచేస్తాను. సంవత్సరం ఆఖరి ఆదివారం అందరూ దయచెయ్యండి,” అనేశాడు మనవాడు.

టర్కీ నుంచి సీసా తెస్తే కదా! తెచ్చిందల్లా నోరొకటే. అది అరవై ఎనిమిదో సంవత్సరం, పర్మిట్ ఉన్నవాడికి తప్ప సీసా దొరకని కాలం. గణపతిరావే తన పర్మిట్ మీద తెప్పించిన జిన్ను సీసా పంపించి, “ఇక నీ విద్య చూపించు,” అని కబురు పెట్టాడు. తప్పించుకునే దారి అక్కడితో మూసుకుపోయింది.

ఆ సీసా గడప దాటిన రోజు పద్మనాభం భార్య జగదీశ్వరి ఇల్లెగరగొట్టేసింది. ఆమె పుట్టింది కోవెల సేవ చేసే ఇంట్లో. శ్రీకాకుళం అవతల ఒక పల్లెలో వేణుగోపాలస్వామి కోవెల, అందులో భక్తులకి తీర్థం ఇచ్చే పని ఆమె తండ్రి కూర్మనాథానిది. తల్లి పోయాక ఆయనకి ఆ కోవెలే ఇల్లూ వాకిలీ. అలాంటి మనిషి కూతురి వంటింట్లో జిన్ను సీసా! రెండు రోజులు మొగుడితో మాట్లాడలేదు. మూడో రోజు మొగుడు సోపు గింజలు నలగ్గొట్టి, ఒక గ్లాసు జిన్నులో నానబెట్టి, నీళ్లు పోసి, తెల్లబడక తల పట్టుకుని కూచుంటే చూడలేకపోయింది. ఆడవాళ్ల కోపం వంటింట్లో ఇంకొకడు తప్పుచేస్తుంటే నిలవదు.

“గింజలు వేయించకుండా నానబెడితే ఏటి దిగుతాది?” అంది.

“ఇది కషాయం కాదే.”

“కషాయమే. పేరు మార్చారంతే.”

గింజలు దోరగా వేయించింది. నారింజ తొక్క వేసింది. పంచదార పాకం, నాలుగు చుక్కలు పన్నీరు. రుచి చూసేది పద్మనాభం, వాసన చూసి చెప్పేది ఆమె. రుచి కుదిరింది కానీ నీళ్లు పోస్తే కాస్త మసకబారి ఊరుకుంది. ఆదివారం పొద్దున్నే లేచి పద్మనాభం జ్వరమని చెప్పి పార్టీ మానేద్దామన్నాడు. జగదీశ్వరి ఆలోచించింది. ఇలాంటి వాసన ఉన్నది, తెల్లనిది, సారాలో కరిగి నీళ్లలో కరగనిది తన దగ్గర ఒకటుంది. దేవుడి గూట్లోంచి నాన్న ఇచ్చిన పచ్చకర్పూరం పొట్లం తీసి, బియ్యపు గింజంత నలిపి గ్లాసులో వేసింది. పద్మనాభం పైనుంచి నీళ్లు వంచాడు.

తెల్లబడింది. ఆవుపాలలా, అడుగు నుంచి పైదాకా తెల్లబడింది.

పద్మనాభం పెళ్లాన్ని పట్టుకుని గిరగిరా తిప్పేశాడు. జగదీశ్వరికి గర్వం ముంచుకొచ్చింది. లేబొరేటరీ వాళ్లకి తట్టనిది తనకి తట్టిందని కాసేపు మెరిసిపోయింది. మిగతా జిన్నంతటికీ అలాగే కలిపింది. నీళ్లు పొయ్యడం మాత్రం సాయంత్రం అందరి ఎదుటే. ఇంట్లో మూతలున్న గిన్నెలన్నీ పిండివంటలకి పోగా రాగిచెంబొకటి మిగిలింది. అందులో పోసింది. చల్లగా ఉండేది దేవుడి గూడు కింద గోడవారనే, అక్కడి పీట మీద పెట్టింది. పొద్దుటి పూజ చేసిన ఉద్ధరిణి ఆ పీట మీదే ఉంది. క్వార్టర్స్‌లో పూజగది ఎక్కడిది? వంటిల్లే కోవెల, గూడే గర్భగుడి. ఆ పీట మీద ఏది పెట్టినా ఏమనిపిస్తుందో ఆమెకి ఆ తొందర్లో తట్టలేదు.

మధ్యాహ్నం గాజు గ్లాసులు అడిగి తెద్దామని పక్కింటికెళ్లింది. ఇంకా గ్లాసులు లెక్కపెట్టుకుంటుండగానే పనిమనిషి అసిరమ్మ పరిగెత్తుకొచ్చింది.

“అమ్మా! మీ నాన్నగారొచ్చేసినారు. నూతికాడ తానం సేసేసి దేవుడి కాడికెళ్లిపోయినారు.”

జగదీశ్వరి చేతిలో గ్లాసులు అక్కడే పెట్టేసి పరిగెత్తింది.

కూర్మనాథం తడిబట్టతో గూడు ముందు నిలబడి ఉన్నాడు. ఎడమచేతిలో ఉద్ధరిణి, కుడిచేతి పుడిసిలి. మూడోసారి తీర్థం పుచ్చుకుని, చెయ్యి నెత్తికి రాసుకుని, ఇటు తిరిగాడు. కళ్లలో నీళ్లున్నాయి.

“ఎంతేశావే పచ్చకర్పూరం! గొంతు మండిపోతన్నాది,” అని నవ్వాడు. “అది రవ్వంతుండాలని చిన్నప్పుణ్ణించీ చెప్తన్నాను కదా. కానీ వాసన దివ్యంగా ఉన్నాదే. మీ స్వామి మా స్వామిని మించిపోయాడు.”

జన్మలో మందు వాసన ఎరగని మనిషి ఆయన. గొంతు మండించేది ఆయనకి తెలిసింది పచ్చకర్పూరం ఒక్కటే.

ముక్కోటికి కావలసిన పచ్చకర్పూరం, ఏలకులు కొనడానికి విజయనగరం వచ్చాడట. తిరుగు బండికి వ్యవధుంటే కూతుర్ని చూసిపోదామని దిగాడట. మర్నాడే ముక్కోటి ఏకాదశి. తెల్లవారుజామున ఉత్తరద్వారం తెరుస్తారు. చుట్టుపక్కల పల్లెల నుంచి జనం రాత్రి నుంచే వచ్చి కూచుంటారు. వాళ్లందరికీ తీర్థం పొయ్యవలసిన చెయ్యి ఇప్పుడే జిన్నుతో తడిసింది.

పెరట్లో బట్టలారేసే తీగ దగ్గర మొగుడూ పెళ్లాలు గొంతులు తగ్గించుకుని పోట్లాడుకున్నారు.

“చెప్పెయ్యాలి,” అంది జగదీశ్వరి.

“నీకు మతిపోయిందా? తెలియక తాగినదానికి పాపమేటి? చెప్పావనుకో, ఆయన రేపు కోవెల్లో కాలు పెట్టడు. ముక్కోటి నాడు! ముసలాయన దాంతోనే పోతాడు. ఆ పాపం మట్టుకు నీదే.”

“చెప్పకపోతే?”

“చెప్పకపోతే ఏమీ లేదు. ఆయన సంతోషంగా ఉన్నాడు, నువ్వు సంతోషంగా ఉండు.”

“ఆయనకి తెలీదు సరే. నాకు తెలుసు కదండీ. రేపు ఆయన పోస్తుంటే నేనిక్కడ ఎలా కూచోను?”

“కాసేపట్లో గణపతిరావుగారొస్తారు. ఈ గొడవ ఆయన చెవిన పడితే ఈ కాలనీలో మన మొహం ఎవరికి చూపించుకుంటాం?” పద్మనాభం చేతులు పట్టుకున్నాడు. “నీకు దణ్ణం పెడతాను. స్టేషనుకి దిగబెట్టి వచ్చెయ్యి. రేపు కాకపోతే ఎల్లుండి చెబుదువు.”

అతను చెడ్డవాడు కాదు. భయస్తుడు. భయస్తుడికి రేపన్న మాట అమృతంలా ఉంటుంది.

సాయంత్రం బండికి తండ్రితో బయలుదేరింది. దారి పొడుగునా ఆయన మాట్లాడుతూనే ఉన్నాడు. ద్వారానికి కట్టే బంతిపూలు ఎవరు తెస్తున్నారో, తమ్ముడి కొడుకు నారాయణమూర్తి మంత్రాలు ఎంత తప్పులతో చదువుతున్నాడో చెబుతున్నాడు. జగదీశ్వరి ఊఁ కొడుతోంది. ప్రతి మలుపు దగ్గరా ఇక్కడ చెప్పేస్తాననుకుంటోంది. మలుపు తిరిగాక వచ్చే మలుపు దగ్గర అనుకుంటోంది. స్టేషనొచ్చేసింది. అప్పటికీ చెప్పలేదు.

ప్లాట్‌ఫారం మీద ఒక ముసలమ్మ మూట పక్కన పెట్టుకుని కూచుంది. కూర్మనాథాన్ని చూడగానే లేచొచ్చి, ఆయన పాదాల ముందు నేలకి దణ్ణం పెట్టింది.

“దాలమ్మా, ఈ ఏడు కూడా బయల్దేరావా?” అన్నాడు ఆయన.

“రాకేటి సేస్తాను బాబూ. నిన్నటి నుంచీ నోట్లో ఏటీ ఎయ్యలేదు. రేపు తెల్లారి మీ సేతి తీర్తమే తొలీత లోపలికెళ్లాల. మా ముసిలోడు మంచం మీదున్నాడు, ఆడికీ సిన్న సీసాతో అట్టుకెల్తాను.” కొంగు ముడి విప్పి ఖాళీ సీసా చూపించింది. శుభ్రంగా తోమి, గుడ్డ మూత కట్టిన సీసా.

దూరంగా సిగ్నలు పడింది. జగదీశ్వరి తండ్రి చెయ్యి పట్టుకుని పక్కకి లాక్కెళ్లింది.

“నాన్నా, ఆ చెంబులోది తీర్థం కాదు.”

“మరేటి?”

“మందు. జిన్నంటారు. పార్టీకని చేశాం. మీరొస్తారనుకోలేదు. పచ్చకర్పూరం వేసింది నేనే. అక్కడ పెట్టిందీ నేనే.”

కూర్మనాథం ఆమె మొహంలోకి చూశాడు. వేళాకోళమేమో అని చూశాడు పాపం. కాదని తెలిశాక ఆ మొహంలో రక్తం లేదు. తిట్టలేదు. తిట్టి ఉంటే బాగుండునని ఆమెకి అనిపించింది. మెల్లగా కుళాయి దగ్గరికి నడిచాడు. పుక్కిలించి ఉమ్మాడు, మళ్లీ పుక్కిలించాడు. వేలు గొంతులోకి పోనిచ్చాడు. ఏమీ రాలేదు. ముక్కోటి ఉపవాసంలో పొద్దుట్నుంచి తిన్నదేమైనా ఉంటే కదా రావడానికి. కుళాయి పట్టుకుని అలా వంగే ఉండిపోయాడు.

బండొచ్చింది. దాలమ్మ, “బాబూ, ఇటు రండి, సోటున్నాది!” అని కిటికీలోంచి పిలుస్తోంది. ఆయన ఆ పెట్టె వైపు చూడలేదు. తల వంచుకుని వెనక పెట్టెలోకి ఎక్కాడు. కూతురి వైపు కూడా చూడలేదు.

గార్డు విజిల్ వేశాడు. ఇంటి దగ్గర దీపాలు పెట్టాలి, గ్లాసులు పక్కింట్లోనే ఉన్నాయి, ఈపాటికి గణపతిరావు జీపు బయలుదేరే ఉంటుంది. జగదీశ్వరికి ఇవన్నీ తెలుసు. తెలిసే పోర్టరు ఎల్లాజీని కేకేసింది.

“మా ఇంటికెళ్లి అయ్యగారితో చెప్పు, అమ్మగారు పుట్టింటికెళ్లిపోయారని. చెంబు గూడు కింద ఉందని. నీళ్లు ఆయన్నే పోసుకోమను.”

కదులుతున్న బండి ఎక్కేసింది. ఆ సాయంత్రం గరివిడిలో సింహం పాలు తెల్లబడ్డాయో నల్లబడ్డాయో ఆమె తరవాత కూడా ఎప్పుడూ అడగలేదు.

బండిలో తండ్రి మాట్లాడలేదు. ఊళ్లో దిగాక తిన్నగా తమ్ముడి ఇంటికెళ్లి, పచ్చకర్పూరం పొట్లం నారాయణమూర్తి చేతిలో పెట్టి, “రేపు తీర్థం నువ్వియ్యి,” అన్నాడు. ఎందుకని వాడు ఎంతడిగినా చెప్పలేదు. కూతురి పేరు బయట పెట్టలేదు. ఆ చలిలో చన్నీళ్లు పోసుకుని, ఇంటి అరుగు మీద కూచున్నాడు. జగదీశ్వరి గడపలో కూచుంది. మధ్యలో ఒక దుప్పటి తెచ్చి ఆయన మీద కప్పబోతే పక్కకి జరిగాడు. చెప్పకుండా ఉండవలసిందా అని ఒక్కసారి అనుకుంది. దాలమ్మ సీసా గుర్తొచ్చి, లేదు, చెప్పవలసిందే అనుకుంది. రెండూ నిజమేననిపించింది. అదే పెద్ద బాధ.

తెల్లవారుజామున కోవెల గంట మోగింది. ఉత్తరద్వారం తెరిచారు. కూర్మనాథం లేచాడు. ఎప్పుడూ వెళ్లే పక్క తలుపు వైపు వెళ్లలేదు. బయట జనం బారులు తీరి ఉంటే, వెళ్లి ఆ వరసలో నిలబడ్డాడు. జనంలో కలకలం రేగింది. “పంతులుగారూ, తమరిక్కడేటి?” అని ఒకరు, దారివ్వండని ఒకరు. ఆయన ఎవరినీ కదలనివ్వలేదు. ముందున్న దాలమ్మ వెనక్కి తిరిగి చూసి, ఏమీ అడక్కుండా కొంగు నిండా కప్పుకుంది. జగదీశ్వరి తండ్రి వెనక నిలబడింది.

దాలమ్మ తీర్థం పుచ్చుకుంది, సీసాలో పోయించుకుంది, పక్కకి తొలగింది. కూర్మనాథం గడప దగ్గరికొచ్చి, కొంచెం వంగి, పుడిసిలి ముందుకి పెట్టాడు. ఉద్ధరిణి పట్టుకున్న నారాయణమూర్తి చెయ్యి గాల్లోనే ఆగిపోయింది.

“పెదనాన్నా, నేను మీకా...”

“పొయ్యరా. వెనక జనమున్నారు.”

వాడు పోశాడు. సగం పుడిసిట్లో పడింది, సగం నేల మీద పడింది. కూర్మనాథం పుచ్చుకుని చెయ్యి నెత్తికి రాసుకున్నాడు. పక్కకి జరగలేదు. అక్కడే నిలబడ్డాడు.

జగదీశ్వరి వంతొచ్చింది. చెయ్యి పైకి రాలేదు. కొంగులో దాచుకుని అలాగే తల దించుకుంది. వెనక నుంచి ఎవరో తోస్తున్నారు. నారాయణమూర్తి ఎదురు చూస్తున్నాడు.

కూర్మనాథం కూతురి మణికట్టు పట్టుకుని కొంగులోంచి లాగాడు. అరచెయ్యి తిప్పి, వేళ్లు మడిచి, చిన్నప్పుడు నేర్పినట్టే పుడిసిలి చేసి, ఉద్ధరిణి కిందికి తెచ్చి పట్టుకున్నాడు.

“పట్టవే,” అన్నాడు. “ఒలికిపోతాది.”