సొర శావిగలు

మా అత్తకు సొరకాయంటే పడదు. కాయగా ఉన్నంతసేపూ పడదు.

దాన్ని దారంగా మార్చాకే ఆమె మనసు కుదుటపడుతుంది.

పెరట్లో ఆ కొస నుంచి ఈ కొసకు నులకతాళ్ళు. తాళ్ళ మీద తెల్లటి పోగులు. గాలి వస్తే ఒకదానికొకటి రాసుకుని, గరగర… గరగర…

ఇల్లంతా ఆ ఎండిన చప్పుడే.

కోయిలకుంట్లలో మా అత్త తిరుపతమ్మ సొర శావిగలంటే, సేమ్యాలా తీసి ఎండబెట్టిన ఈ పోగులంటే, పేరు. కత్తిపీట ముందు కూర్చుని, కాయను తిప్పుతూ తిప్పుతూ, తెగకుండా ఒకే పోగు తీస్తుంది. మరిగే ఉప్పునీళ్ళలో ముంచి తాడు మీద వేస్తుంది. గరగరమన్నాక కుండలో వేపాకు పరిచి, చుట్టలు పేర్చి, మూతికి గుడ్డ కట్టి పేడమట్టి మెత్తుతుంది.

ఉప్పు మాత్రం — దోసిళ్ళతో.

"ఇంత ఉప్పెందుకత్తా?"

"తగ్గితే పురుగు పడతాది. నువ్వు కాలేజీలో శానా సదివినావు. పురుగు సదవలేదు గదమ్మా."

నిజమే. నేనే చదివాను. ఏం లాభం.

ఖర నామ సంవత్సరం. పందిరి మీద చివరి కాయలు. ఆడబిడ్డ సుందరలక్ష్మి తొలి కాన్పుకు పుట్టింటికి వచ్చింది. పందిరి కింద నిలబడి తల పైకెత్తింది.

లేత కాయ. నూగు కాయ. గోరు గుచ్చితే వేలంతా తడి.

"అమ్మా, పాలు పోసి కూర చెయ్యవా. నోరంతా ఎండిపోతాండాది."

"వాన మొగం సాటేసింది. ఇవి కరువుకు. రేపు బిడ్డకు పాలు పడాలంటే నువ్వు తినాల్సింది ఇవే."

"అట్లయితే ఆ పోగులకు నా పేరు రాసిపెట్టు. ఇంకెవురన్నా తినిపోతారు."

కూతురు అలిగింది. తల్లి కత్తిపీట వాల్చింది.

ఆ కాయా దారమైంది.

ఖర పోయింది. నందన వచ్చింది. వాన రాలేదు.

పందిరి వాడింది. మేత లేక బర్రెను తోలేశాం. బావిలో చేద వేస్తే అడుగున రాయికి తగిలి ఠంగుమంది. ఊరంతా కుందూ ఏటి ఇసుకలో చెలమలు తవ్వుకుంది. ఊరిన నీళ్ళు ముంతతో తోడుకుని, బిందె నిండేసరికి పొద్దెక్కేది.

ఇంటికి ఒక్క బిందె.

అందులోనే బాలింత. అందులోనే పసిబిడ్డ.

కూర అన్నది ఊళ్ళోనే లేదు. అత్త కుండ దించింది. మట్టి పగలగొట్టింది.

పోగులు — తెల్లగా, తెగకుండా. ఒక్క పురుగు లేదు.

అత్త నా వైపు చూసింది. గెలిచిన చూపు. నేను తల దించుకున్నాను.

ఇక నానబెట్టాలి. ఉప్పు దిగాలంటే ఒక నీరు వంచాలి, మరో నీరు పోయాలి, అదీ వంచాలి…

నీళ్ళేవి?

ఒక్క చెంబు పోశాం. పోగులు తాగాయి. తాగి ఉబ్బాయి. ఇంకా ఉప్పే.

సుందర తిన్నది. పాల కోసం తిన్నది. సంగటి ముద్దలో దాచి దాచి మింగింది. తిన్నాక నీళ్ళడిగింది. మళ్ళీ అడిగింది.

నేను బిందె మీది మూత తీశాను. చూశాను. మూశాను.

మర్నాడూ అంతే. ఆ మర్నాడూ అంతే.

బిడ్డ రొమ్ము పట్టి లాగేది, వదిలేది, ఏడ్చేది. ఏడుపు మొదట వీధి దాకా… తర్వాత వాకిలి దాకా… తర్వాత ఒడి దాకా.

పోగులు వంచిన నీళ్ళను అత్త పారబోయలేదు. గుడ్డలో వడగట్టి తానే తాగింది. తన వంతు మంచినీళ్ళు కూతురి చెంబులో పోసింది. పెదాలు బీటలు వారాయి.

"ఆ నీళ్ళు గొడ్డు గూడా ముట్టదు అత్తా."

"గొడ్డుకు బుద్ధి ఉండాదిలే."

ఒక మధ్యాహ్నం బిడ్డ ఏడవలేదు. కళ్ళు తెరిచే ఉన్నాయి, రెప్ప వాలడం లేదు. సుందర ఈ చేతి మీంచి ఆ చేతి మీదికి మార్చుకుంటూ ఉంది, బరువేదో ఉన్నట్టు.

కంచంలో వడ్డించబోయి అత్త ఆగింది. వేళ్ళ మధ్య ఒక పోగు వేలాడుతోంది. దాన్ని ఎత్తి వెలుతురుకు పెట్టి చూసింది.

"తప్పు నాదే సుందరా."

గొంతు ఆమెది కాదు. ఉప్పు కోసేసిన గొంతు.



"నీళ్ళు కాయలోనే ఉండె. నేనే గదా… ఎండబెడితి."